గ్రేట్ డేన్‌తో ఐజీపీ చేయించవచ్చా? క్లబ్‌లో సగం మంది వద్దంటున్నారు

బ్రూనో_వాళ్ల_నాన్న
మేం ఉండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర. మా బ్రూనో గ్రేట్ డేన్, మగ, 13 నెలలు, 64 కిలోలు. వాడిని ఇక్కడి డాగ్ స్పోర్ట్ క్లబ్‌కి తీసుకెళ్తున్నాను. ఐజీపీ 1 పాస్ చేయించాలని నా కోరిక. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: ఐజీపీ అంటే పనికుక్కల పరీక్ష, 1 అంటే మొదటి స్థాయి. ముందు షుట్స్‌హుండ్ అనేవారు, తర్వాత ఐపీఓ అన్నారు, 2019 నుంచి ఐజీపీ అంటున్నారు. మూడు భాగాలు ఉంటాయి: వాసనతో జాడ పట్టడం, చెప్పినమాట వినడం, ప్రొటెక్షన్ (హెల్పర్ అనే మనిషి చేతికి తొడుక్కున్న మందపాటి స్లీవ్‌ని పట్టుకోవడం). ఒక్కోదానికి 100 మార్కులు. ప్రతి భాగంలో 70 తెచ్చుకోవాలి.

క్లబ్‌లో దాదాపు అన్నీ మాలినాయిస్‌లు (బెల్జియన్ షెపర్డ్ రకం), జర్మన్ షెపర్డ్‌లే. హెల్పర్ గుడ్డపీలిక ఊపితే చాలు, అవి గాల్లోకి లేస్తాయి. మావాడు నిలబడి చూస్తాడు. తీరిగ్గా వచ్చి నోటినిండా పట్టుకుంటాడు. కాసేపయ్యాక వదిలేసి హెల్పర్ చెయ్యి నాకుతాడు. ఒక సీనియర్ సభ్యుడు మొహం మీదే అన్నాడు, "సోఫా కుక్కకి ఈ ఆటలెందుకు" అని. ఇంకో ఆయన, కర్రతో నాలుగుసార్లు బెదిరిస్తే కోపం అదే వస్తుందన్నాడు. ఆ మాట విన్నాక నాకు ఇంటికొచ్చినా మనసు కుదుటపడలేదు.

నా ప్రశ్నలు రెండే. ఇంత పెద్ద జాతి ఈ ఆటకు పనికొస్తుందా? వస్తే ఏ వయసులో ఏది మొదలుపెట్టాలి?

మాలిగాడు
సూటిగా చెప్తాను, ఏమనుకోకండి. కుక్క మంచిదే, ఈ ఆటకు ఆ జాతి కాదు. అంతర్జాతీయ కుక్కల సంఘం ఎఫ్‌సీఐ జాబితాలోనే గ్రేట్ డేన్ పక్కన 'వర్కింగ్ పరీక్ష లేదు' అని ఉంటుంది. రాట్‌వీలర్‌కి, జెయింట్ ష్నాజర్‌కి 'పరీక్ష ఉంది' అని ఉంటుంది. తరతరాలుగా ఆ పని చూసి పెంచిన కుక్కలు వేరు, అందం, ఎత్తు చూసి పెంచినవి వేరు.

ఇంకోటి, రెండో భాగంలో మీటరు ఎత్తు అడ్డు దూకాలి, 180 సెంటీమీటర్ల ఏటవాలు గోడ ఎక్కి దిగాలి, అదీ నోట్లో 650 గ్రాముల డంబెల్ పట్టుకుని. 30 కిలోల మాలినాయిస్‌కి అది ఆట. మీవాడు ఎదిగేసరికి 75 కిలోలు ఉంటాడు. కిందికి దిగేటప్పుడు ఆ బరువంతా ముందు కాళ్ల మీదే పడుతుంది.

వైజాగ్_వాణి
హెల్పర్ చెయ్యి నాకాడా 😄 బంగారుకొండ. బ్రూనో ఫొటో పెట్టండి ముందు.

డాక్టర్_అరుణ
మాలిగాడు గారు అడ్డులు దూకడం గురించి చెప్పింది నిజమే. జాతి పనికిరాదన్నది మాత్రం ఒప్పుకోను. అసలు గ్రేట్ డేన్ పూర్వీకులు అడవిపందిని పట్టి, వేటగాడు వచ్చేదాకా వదలకుండా నిలిపిన కుక్కలు. 1878లో బెర్లిన్‌లో వాటన్నిటినీ ఒకే పేరు కిందికి తెచ్చారు, 1880లో మొదటి ప్రమాణం రాశారు. పట్టుకుని ఆగడం వాటి రక్తంలో ఉంది. ఇప్పటి వంశాల్లో అది ఎంత మిగిలిందన్నది కుక్కను బట్టి ఉంటుంది.

నేను పశువైద్యురాలిని కాబట్టి ఒంటి సంగతి మాట్లాడతాను.

పెద్ద జాతుల్లో ఎముకల చివర పెరుగుదల పొర మూసుకోవడానికి ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. అది మూసుకునేదాకా దూకించడం, గోడ దింపడం, గట్టి నేల మీద పరుగెత్తించి ఒక్కసారిగా ఆపడం వద్దు. క్యాలెండర్ చూసి కాదు, ఎక్స్‌రే చూసి మొదలుపెట్టండి. అదే సమయంలో తుంటి, మోచేతుల ఫిల్మ్ కూడా తీయించండి.

రెండోది మెడ. ఈ జాతిలో మెడ వెన్నుపూసలు నరాన్ని నొక్కి వెనక కాళ్లు తూలే జబ్బు ఉంది, వాబ్లర్ అంటారు. అందుకే కాలర్‌కి తాడు కట్టి వెనక్కి లాగుతూ కరిపించే పద్ధతి బ్రూనోకి వద్దేవద్దు. ఛాతీ మీద వెడల్పుగా కూర్చునే హార్నెస్ వాడండి. స్లీవ్ పట్టుకున్న కుక్కను హెల్పర్ గాల్లో తిప్పడం చూస్తుంటాం. మీవాడి నాలుగు కాళ్లూ నేల మీదే ఉండాలి.

మూడోది గుండె. డేన్లలో గుండె కండరం సాగిపోయే డీసీఎం ఎక్కువ. స్టెతస్కోప్‌తో అన్నిసార్లూ దొరకదు. గట్టి శిక్షణకు ముందు ఒక ఎకో (గుండె స్కాన్), తర్వాత ఏటా ఒకటి.

నాలుగోది, అన్నిటికంటే తొందరగా ప్రాణం తీసేది, కడుపు మెలితిరగడం. లోతైన ఛాతీ ఉన్న జాతులన్నిటికీ ముప్పే, డేన్‌కి మరీ ఎక్కువ. తిన్న వెంటనే శిక్షణ వద్దు, శిక్షణ అయిన వెంటనే తిండి వద్దు. వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోవడం, కడుపు ఉబ్బి డప్పులా మోగడం, ఒకచోట నిలవలేకపోవడం, చొంగ కారడం కనిపిస్తే ఫోన్లో ఎవర్నీ అడక్కండి, కారెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లండి. గంటల్లో ప్రాణం పోతుంది.

బ్రూనో_వాళ్ల_నాన్న
డాక్టర్ గారూ, చాలా థాంక్స్. కడుపును ముందే లోపలి గోడకు కుట్టేసే ఆపరేషన్ ఉందని విన్నాను. చేయించాలా?

డాక్టర్_అరుణ
గ్యాస్ట్రోపెక్సీ. గ్యాస్ చేరడాన్ని అది ఆపదు, మెలితిరగడాన్ని ఆపుతుంది. చంపేది మెలికే. పరుగులు, ఆటలు ఉన్న డేన్‌కి నేనైతే చేయించమనే చెప్తాను. మీ అక్కడి డాక్టర్‌తో మాట్లాడండి. వేరే దేనికైనా మత్తు ఇవ్వాల్సి వస్తే దాంతోపాటే చేసేస్తారు.

రీజెన్_రాణి
నాది జెయింట్ ష్నాజర్, లైప్‌జిగ్‌లో ఉంటాం. మాలిగాడు గారు చెప్పిన 'పరీక్ష ఉన్న' జాతే. 1925 నుంచి పోలీసు పనికి గుర్తింపు ఉంది. అయినా మావాడూ తీరుబడిగానే ఎదిగాడు. క్లబ్‌లో ఒక డేన్‌ని పిల్ల నుంచీ చూశాను, ఆ అనుభవంతో రాస్తున్నాను.

బ్రూనో చేస్తున్నదాన్ని మీరు లోపంలా రాశారు. నోటినిండా, ప్రశాంతంగా పట్టుకోవడమే ఈ ఆటలో జడ్జి చూసే గ్రిప్. ముందుపళ్లతో కొరికి, మళ్లీ మళ్లీ పట్టు మార్చే కుక్కలకు అక్కడే మార్కులు పోతాయి. మీకు దొరికినదాన్ని పాడుచేసుకోకండి.

లోటు ఉన్నది ఉత్సాహంలో. అది ఆటతో వస్తుంది. గుడ్డపీలికను మీద మీదకు తోస్తే డేన్ విసుక్కుంటుంది. హెల్పర్ దాన్ని కుక్క నుంచి దూరంగా, పారిపోయే జంతువులా కదపాలి. దొరికీ దొరకనట్టు ఉండాలి. పట్టుకున్నాక ఒక్క లాగుడు, వెంటనే కుక్క గెలవాలి. గెలిచినదాన్ని నోట పట్టుకుని మైదానం చుట్టూ తిరగనివ్వండి, గర్వంగా. రెండు మూడు పట్లు, అంతే, కార్లోకి. 'ఇంకా కావాలి' అన్నప్పుడే ఆపేయాలి. పెద్ద కుక్కలు త్వరగా అలుస్తాయి, అలిసిన కుక్క నేర్చుకునేది వదిలేయడమే. మీ బ్రూనో మధ్యలో వదిలి చెయ్యి నాకడానికి కారణం చాలావరకు అదే అయ్యుంటుంది. ఎక్కువసేపు పట్టించారేమో చూడండి.

అరుపు విడిగా నేర్పండి. ఇంట్లో, తిండి గిన్నె ముందు, 'అరువు' అంటే ఒక అరుపు, ఒక ముక్క. దాక్కున్న హెల్పర్ ఎదురుగా నిలబడి, ముట్టుకోకుండా అరవడమే తర్వాత పరీక్షలో కావాల్సింది. డేన్ గొంతుకి హెల్పర్లే ఒక అడుగు వెనక్కి వేస్తారు 🙂

కర్ర బెదిరింపు మాట చెప్పిన ఆయన దగ్గరికి కుక్కను తీసుకెళ్లకండి. 13 నెలల డేన్ మనసులో చంటిపిల్ల. ఆ వయసులో భయపెడితే తనను కాపాడుకోవడానికి కరవడం నేర్చుకుంటుంది. 70 కిలోల కుక్క భయంతో కరిచే అలవాటు పడితే ఇంట్లోవాళ్లకే ప్రమాదం.

మాలిగాడు
రాణి గారూ, మీ మాటలో తప్పు లేదు. కానీ నా అభ్యంతరం అలాగే ఉంది. ఆటలో ఉత్సాహం తెప్పించవచ్చు, అడ్డులు దూకడం ఎలా? మూడో భాగంలో ఎంత మెరిసినా రెండో భాగంలో అడ్డు, గోడ దాటి డంబెల్ తెచ్చే రెండు రిట్రీవ్‌లూ పోగొట్టుకుంటే 70 రావడం కష్టం.

డల్లాస్_డేన్
ఐజీపీ ఒక్కటే దారి అని ఎందుకు అనుకుంటున్నారు? అదే ఎఫ్‌సీఐ నియమావళిలో ఒక్కో భాగానికి విడి పరీక్షలు ఉన్నాయి. జాడ ఒక్కటే చేస్తే ఎఫ్‌పీఆర్, ప్రొటెక్షన్ ఒక్కటే చేస్తే ఎస్‌పీఆర్. రెండింట్లోనూ అడ్డులు దూకడం లేదు. దేనికైనా ముందు బీహెచ్ పాస్ కావాలి. దానికి కనీస వయసు 15 నెలలు. అందులో ఉండేది పక్కన నడవడం, కూర్చోవడం, పడుకోవడం, రోడ్డు మీద జనం, సైకిళ్ల మధ్య మర్యాదగా ఉండడం. బ్రూనోకి సరిగ్గా సరిపోతుంది.

ఇక్కడ అమెరికాలో యునైటెడ్ షుట్స్‌హుండ్ క్లబ్స్‌లో ఏ జాతికైనా తలుపు తెరిచే ఉంటుంది. మా ఆడ డేన్‌తో నేను బీహెచ్, తర్వాత జాడ చేశాను. పొలంలో ముక్కు నేలకు ఆనించి ఒక్కో అడుగూ వాసన చూసుకుంటూ వెళ్లడం దానికి ఎంత ఇష్టమో మాటల్లో చెప్పలేను. ఎండలు ముదిరితే మాత్రం ఇక్కడ సూర్యోదయానికి ముందే పని ముగించేవాళ్లం.

తనకి ఆరేళ్లప్పుడు డీసీఎంతో పోయింది. అరుణ గారు ఏటా ఎకో అన్నారు కదా, దాన్ని దయచేసి వాయిదా వేయకండి. ఈ జాతికి దేవుడిచ్చిన ఆయుష్షే తక్కువ, ఎనిమిది, తొమ్మిది, మహా అయితే పదేళ్లు. అందులో ఏ ఏడాదినీ పతకం కోసం నొప్పితో గడపనివ్వకూడదని నా పట్టుదల.

వైజాగ్_వాణి
చదువుతుంటే కళ్లు తడిశాయి అన్నా.

కోకాపేట_కోర్సో
నాది వేరే కథ. హైదరాబాద్, కేన్ కోర్సో, రెండేళ్లు. ఇంటి కాపలాకి 'ప్రొటెక్షన్ ట్రైనింగ్' అని ఊరవతల ఫామ్‌హౌస్‌లో ఒకాయన దగ్గర వదిలాను. నెలకింత అని ప్యాకేజీ. మధ్యలో చెప్పకుండా చూడ్డానికి వెళ్తే కుక్కను చెట్టుకి గొలుసుతో కట్టి, ఇద్దరు గోనెసంచులతో, కర్రలతో మీద మీదకు వస్తున్నారు. అది నోట్లోంచి నురగ కక్కుతోంది. అదే రోజు ఇంటికి తెచ్చేశాను. ఇప్పుడు గేటు దగ్గరికి డెలివరీ అబ్బాయి వచ్చినా పిచ్చిగా ఎగబడుతోంది. మా అమ్మ చేతిలో చీపురు చూసినా గుర్రుమంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

పాత_హ్యాండ్లర్
తమ్ముడూ, ముందు ఇంట్లోవాళ్ల జాగ్రత్త చూడు. కుక్కకి మూతి బుట్ట అలవాటు చెయ్యి. కట్టేసి తొడగొద్దు, బుట్టలో తిండి ముక్క వేసి దానంతట అదే మూతి పెట్టేలా చెయ్యి. గేటుకీ కుక్కకీ మధ్య ఇంకో తలుపు ఉండాలి. అమ్మగారు చీపురు పట్టే వేళకి కుక్క వేరే గదిలో ఉండాలి. తర్వాత ప్రవర్తన తెలిసిన పశువైద్యుణ్ని కలువు.

నేను పోలీసు డాగ్ స్క్వాడ్‌లో హ్యాండ్లర్‌గా చేసి రిటైరయ్యాను. మొయినాబాద్ అకాడమీలో శిక్షణ చూసినవాణ్ని. అక్కడ కుక్కను, హ్యాండ్లర్‌ను జతగా తయారుచేస్తారు. 'కుక్కను మా దగ్గర వదిలి వెళ్లండి, తయారయ్యాక తీసుకెళ్లండి' అనేవాడి దగ్గర కుక్క నేర్చుకున్నది వాడి మాట వినడం, నీ మాట కాదు. అది మొదటి గుర్తు.

రెండో గుర్తు: మొదటి వారంలోనే కరిపించి చూపించేవాడు. పట్టుకోవడం ఏ కుక్కకైనా వస్తుంది. వదలమంటే వదలడం, పిలిస్తే పరుగు మధ్యలో వెనక్కి రావడం, పక్కన జనం వెళ్తుంటే పట్టించుకోకపోవడం, వీటికే నెలలు పడతాయి. అవి లేకుండా కరవడం నేర్పినవాడు నీ చేతికి తాళం లేని తుపాకీ ఇచ్చినట్టే.

గొలుసు కట్టి కొట్టడం శిక్షణ కాదు, హింస.

కోకాపేట_కోర్సో
అన్నా, మరి ఇంటికి కాపలా ఎలా? 2024 మార్చిలో కేంద్రం 23 జాతులని ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసినప్పుడు మా కోర్సో పేరు కూడా అందులో ఉంది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది కానీ మా అపార్ట్‌మెంట్‌లో అప్పటినుంచీ అనుమానంగానే చూస్తున్నారు. ఇప్పుడు ఇది ఎవరినైనా కరిస్తే అంతే.

పాత_హ్యాండ్లర్
50 కిలోల కోర్సో గేటు వెనక నిలబడి రెండుసార్లు అరిస్తే దొంగకి చాలదా? కాపలాకి కుక్క ఉనికి, గొంతు చాలు. కరవడం నేర్పాల్సిన పని ఇంటికి లేదు. కరిస్తే కేసు నీ మీద, దెబ్బ పక్కింటి పిల్లాడికి. మీ మున్సిపాలిటీలో రిజిస్ట్రేషన్, రేబిస్ టీకా కాగితాలు సరిగ్గా పెట్టుకో.

రీజెన్_రాణి
హ్యాండ్లర్ గారి మాటకి ఒకటి కలుపుతాను. ఐజీపీలో కుక్క కరిచేది స్లీవ్‌ని. స్లీవ్ జారి కింద పడితే దాన్నే పట్టుకుని తిరుగుతుంది. అది ఆటవస్తువు మీద మోజు, మనిషి మీద కక్ష కాదు. అందుకే మైదానం బయట అదే హెల్పర్ చేతిలో బిస్కెట్ తింటుంది. బ్రూనో నాన్న గారూ, మీవాడు చెయ్యి నాకడం చూసి సిగ్గుపడకండి.

మాలిగాడు
ఇక్కడ నేను కొంచెం విభేదిస్తాను. అచ్చంగా స్లీవ్ మోజుతోనే పైస్థాయి ప్రొటెక్షన్ కుదరదు. హెల్పర్ ఎదురొచ్చి ఒత్తిడి పెడితే నిలబడే గుండె ఉండాలి. దాన్ని కూడా పెంచాలి.

రీజెన్_రాణి
పెంచాలి, కాదనలేదు. రెండున్నర, మూడేళ్లకి, మనసు ముదిరాక. అదీ హెల్పర్ కుక్క కళ్లు చదవగలిగినవాడైతేనే. ఎదురు నిలబడి అరిచిన మరుక్షణం హెల్పర్ వెనక్కి తగ్గాలి. 'నేను ముందుకెళ్తే అవతలివాడు వెనక్కి పోతాడు' అని కుక్కకి తెలియాలి. 13 నెలలకి దాని ఊసే వద్దు.

బ్రూనో_వాళ్ల_నాన్న
కర్ర ఆయన విషయం క్లబ్ శిక్షకురాలితో మాట్లాడాను. ఆవిడ గట్టిగానే ఖండించారు. ఇక్కడి చట్టం కూడా కఠినం. 2022 జనవరి 1 నుంచి శిక్షణలో ముళ్ల కాలర్లు, నొప్పి కలిగించే ఇతర సాధనాలు నిషేధం. షాక్ కాలర్‌పై 2006లోనే కోర్టు తీర్పు వచ్చింది.

ఇంకో సమస్య చెప్పారు ఆవిడ. పరుగెత్తుకొచ్చే 70 కిలోల కుక్కను స్లీవ్ మీద తీసుకోగల హెల్పర్ మా క్లబ్‌లో ఒక్కడే ఉన్నాడట.

రీజెన్_రాణి
ఆ ఒక్కరూ మంచివారైతే చాలు. కుక్క తగిలిన క్షణంలో దాని వేగంతోపాటు తానూ తిరిగిపోవాలి, గోడలా నిలబడకూడదు. నిలబడితే కుక్క మెడ, హెల్పర్ భుజం రెండూ పోతాయి. ఏడాదిపాటు దూరం నుంచి పరుగెత్తించే పట్టు అసలు వద్దు. రెండు మూడడుగుల నుంచి, నేల మీద, తక్కువ ఎత్తులో.

వదలడం కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. గుంజుకోకండి. టగ్‌ని (గుంజులాట బొమ్మని) మీ ఒంటికి ఆనించి కదలకుండా పట్టుకోండి, ఆట చచ్చిపోతుంది. వాడు నోరు తెరిచిన క్షణంలో మళ్లీ ఆట మొదలు. వదిలితే పోదు, తిరిగి వస్తుంది అని తెలిస్తే మాటకే వదులుతాడు. ముందు ఇద్దరి మధ్య, తర్వాత హెల్పర్‌తో.

డాక్టర్_అరుణ
జాడ పని గురించి డల్లాస్ గారు చెప్పింది నాకు బాగా నచ్చింది. ఒక్కమాట. మొదట్లో ప్రతి అడుగులో తిండి ముక్క పెడతారు కదా, దాన్ని రోజు తిండిలోంచే తీయండి, చిన్న ముక్కలు చాలు. ఆ తర్వాత వెంటనే టగ్ ఆట వద్దు. పెరిగే డేన్‌కి పెద్ద జాతి పిల్లల తిండే పెట్టండి. బలం వస్తుందని కాల్షియం పొడి పైన చల్లకండి, ఎముకలకు అది చెరుపే.

డల్లాస్_డేన్
ఐజీపీ 1 జాడ మీరే నడిచి వేసుకోవచ్చు. కనీసం 300 అంగలు, రెండు మలుపులు, 20 నిమిషాలు ఆరాక కుక్కను వదలాలి. ముక్కు పని ఎముకల మీద భారం పెట్టదు కాబట్టి ఈ వారమే మొదలుపెట్టొచ్చు.

బ్రూనో_వాళ్ల_నాన్న
సరే, నేను అనుకున్నది ఇది. ఇప్పటినుంచి జాడ, పక్కన నడక, అరుపు, టగ్ వదలడం. 15 నెలలు దాటాక తొందరపడకుండా బీహెచ్. పెరుగుదల పొరలు మూసుకున్నట్టు ఎక్స్‌రేలో తేలాక, ఎకో బాగుంటే, తక్కువ ఎత్తులో అడ్డులు. అప్పటికి వాడి ఒళ్లు ఒప్పుకోకపోతే ఐజీపీ పక్కన పెట్టి ఎఫ్‌పీఆర్, ఎస్‌పీఆర్ చేస్తాం. హార్నెస్ ఆర్డర్ పెట్టాను. సోఫా అన్నాయన మాట ఇక పట్టించుకోను.

మాలిగాడు
ఈ ప్లాన్‌కి నా అభ్యంతరం లేదు. డేన్ ఐజీపీ 1 గోడ ఎక్కి దిగడం మంచిదని మాత్రం ఇప్పటికీ అనను. ఎస్‌పీఆర్‌కి వెళ్తే వీడియో పెట్టండి, తప్పకుండా చూస్తాను.

వైజాగ్_వాణి
ఫొటో ఇంకా పెట్టలేదు 😑

కోకాపేట_కోర్సో
హ్యాండ్లర్ అన్నా, మూతి బుట్ట మొదలుపెట్టాను, బుట్టలో పెరుగన్నం పెడితే నాకుతోంది. డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికింది. తర్వాత కొత్త ట్రైనర్ దగ్గరికెళ్తే ముందు ఏం అడగాలి?

పాత_హ్యాండ్లర్
అడగడం కంటే చూడు. కుక్క లేకుండా ఒక్కడివే వెళ్లి వాళ్లు వేరేవాళ్ల కుక్కతో పని చేయడం ఒక పూట చూడు. ఆ కుక్క తోక, చెవులు ఎలా ఉన్నాయి, ట్రైనర్ దగ్గరికి వస్తోందా, ముడుచుకుని పోతోందా గమనించు. యజమాని మైదానంలో ఉన్నాడా లేదా చూడు. చూడనివ్వం అంటే అక్కడినుంచే తిరిగొచ్చెయ్. నీకు ఆర్నెల్లు కరిపించే ప్రసక్తే వద్దు. పక్కన నడక, పిలిస్తే రావడం, గేటు దగ్గర చాప మీద పడుకోవడం చాలు. పెరుగన్నంలో ఉప్పు వెయ్యకు.